నలభై ఒకటో బొమ్మ

పోయినవారం పిచ్చుకను మనం బాత్‌రూంలో వదిలేసి వచ్చాం. షవరు గొట్టానికి ఒక క్లిప్పు, క్లిప్పు నుంచి మూరన్నర పొడవున వేలాడుతున్న ఫిల్ము, అది చుట్టుకుపోకుండా కొసన బరువుకి ఒక ఇనప నట్టు. ఆ ఫిల్ము వెడల్పు మీ చూపుడువేలి గోరంత. దాని ముందు ముక్కాలిపీట వేసుకుని, ఆరిందో లేదోనని నిమిషానికోసారి ఊదబోయి, ఊదితే దుమ్ము అంటుకుంటుందని మళ్ళీ నోరు మూసుకుంటూ ఆమె. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చినా ఆ ఇంట్లో ఆమె పిచ్చుకే. ఒకచోట కుదురుగా కూర్చోదని చిన్నప్పుడు బాబాయి పెట్టిన పేరు అది. ఆ బాబాయి మొహం మీదే రెండు నెలల క్రితం ఆమె గేటు మూసింది.

ఈ వారమే మనతో కలిసినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పిచ్చుక నాన్నకి కళ్ళద్దాల షాపు ఉండేది, బుల్లి కెమెరాల పిచ్చి ఉండేది. షాపు సంపాదన, పిచ్చి సంసారం అనేది వాళ్ళమ్మ. లైటరులా ఉండేది ఒకటి, చేతి గడియారంలా ఉండేది ఒకటి, అగ్గిపెట్టెలో పట్టేది ఒకటి, అలా మొత్తం నలభై మూడు. వాటన్నిటిలోకీ ముద్దుబిడ్డ ఒక వెండిరంగు కెమెరా. మూసిన గుప్పెట్లో కనబడకుండా పోతుంది. నాన్న దాన్ని బుడ్డోడు అని పిలిచేవాడు. పదకొండేళ్ళ క్రితం ఒకరోజు బుడ్డోడు బీరువాలోంచి మాయమయ్యాడు. ఆ పూట బీరువా తాళాలు అడిగి తీసుకున్నది బాబాయి ఒక్కడే. షాపు అన్నదమ్ములిద్దరిదీ. కళ్ళద్దాలు అరగదీసే చక్రం ముందు స్టూలు బాబాయిది. నాన్న అందరి ముందూ తమ్ముణ్ణి దొంగ అన్నాడు. తమ్ముడు మారు మాట్లాడకుండా చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. ఖాళీ అయిన స్టూలు మీద అప్పటినుంచీ పిచ్చుక కూర్చుంటోంది. రెండు నెలల క్రితం నాన్న పోయాడు. కడసారి చూడటానికి వచ్చిన బాబాయితో, "దొంగలకి మా ఇంట్లో పనేం లేదు" అని చెప్పి గేటు వేసేసింది. సరిగ్గా పది రోజుల క్రితం, షాపులో అడుగు సొరుగు సర్దుతుంటే, పాత కళ్ళజోడు పెట్టెలో బుడ్డోడు నవ్వుతూ దొరికాడు. లోపల ఫిల్ము ఉంది. ఎన్ని గళ్ళు జరిగాయో చెప్పే కౌంటరు నలభై ఒకటి చూపిస్తోంది.

ఇక ఇప్పటి సంగతి.

ఫిల్ము ఆరింది. పిచ్చుక దాన్ని రెండు కొసలూ పట్టుకుని కిటికీ దగ్గరికి తెచ్చి, షాపులో వాడే కంటి భూతద్దం బిగించుకుంది.  రోజుకి ఇరవై జతల అద్దాలు వెంట్రుకవాసి తేడా రాకుండా అరగదీసే మనిషి ఫిల్మును మొదట తలకిందులుగా పట్టుకుంది.

మొదటి రెండు గళ్ళూ ఖాళీ. మూడోది బొమ్మ. మళ్ళీ ఒక ఖాళీ. ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. బుడ్డోడి తీరు అంతే. రెండు పక్కలా పట్టి సాగదీస్తే తెరుచుకుంటాడు, నొక్కితే మూసుకుంటాడు. మూసుకున్న ప్రతిసారీ, ఫొటో తీసినా తీయకపోయినా, ఫిల్ము ఒక గడి ముందుకి జరిగిపోతుంది. నాన్నకి ఆలోచనలో పడితే వాణ్ణి టిక్కు టక్కున తెరవడం, మూయడం అలవాటు. సగం ఫిల్ము ఆయన ఆలోచనలకే ఖర్చయ్యేది. అంటే ఈ ఫిల్ము నాన్న చేతిలో తిరిగిందే. పదకొండేళ్ళ నాటి పాత ఫిల్ము, బుడ్డోడు మాయం కాకముందు నాన్న వేసింది అయ్యుంటుందని ఆమె అనుకుంది.

ఐదో గడిలో ఒక మనిషి. నల్లటి ఒత్తయిన జుట్టు, నవ్వుతున్న నోరు. బాబాయి! పదకొండేళ్ళ క్రితం బాబాయి జుట్టు అలాగే ఉండేది. ఆమె ఒక్క క్షణం నిజంగానే నమ్మింది. అంతలో తనమీద తనకే చిరాకేసింది. చూస్తున్నది నెగటివు కదా. నెగటివులో నల్లగా కనిపించేది తెలుపు. బాబాయి జుట్టు ముగ్గుబుట్టలా నెరిసిపోయింది. గేటు దగ్గర నిలబడ్డ రోజున ఎలా ఉందో అలాగే.

 ఫిల్మును ఏటవాలుగా తిప్పి అంచు చూసింది. పై అంచు పొడుగునా సన్నటి గీత, దారప్పోగు కంటే సన్నం. ఆ గీతని ఆమె ఎక్కడ చూసినా గుర్తుపడుతుంది, ఎందుకంటే అది ఆమె చేసిన తప్పు.

ఈ బుల్లి కెమెరాలకి సరిపడే ఫిల్ము ఇప్పుడు ఏ షాపులోనూ దొరకదు. మామూలు ఫిల్ము కొని, చీకట్లో, నిలువునా సన్నటి పట్టీలుగా కోసుకోవాలి. దానికి నాన్న ఒక చెక్కదిమ్మ చేసి పెట్టాడు. అందులో గెడ్డం గీసుకునే బ్లేడ్లు రెండు. పోయినేడు వానల్లో పాత బ్లేడ్లు తుప్పు పట్టాయని పిచ్చుక కొత్తవి బిగించింది. బిగించేటప్పుడు ఒకదాని మూల విరిగింది. మార్చడానికి బద్ధకించింది. అప్పటినుంచీ కోసిన ప్రతి పట్టీ మీదా ఆ గీత. ఆదివారాలు కోసి, చుట్టి, నల్ల డబ్బాలో వేసి ఉంచేది. అప్పుడప్పుడు డబ్బాలో ఒకటి తక్కువైనట్టు అనిపించేది గానీ, లెక్క తప్పానేమో అనుకునేది.

అంటే ఈ ఫిల్ము ఏడాది లోపుది. అంటే నాన్న దగ్గర బుడ్డోడు ఉన్నాడు. నాన్న, బాబాయి ఒకే బల్ల దగ్గర కూర్చుని నవ్వుకున్నారు. ఆమె కోసిన ఫిల్ము మీదే ఆమెకి తెలియకుండా ఫొటోలు తీసుకున్నారు.

ఇంకో గడిలో బాబాయి భుజం వెనక గుండ్రంగా ఒక చక్రం కనబడింది. కుట్టుమిషను చక్రం. కళ్ళద్దాల షాపు వదిలాక బాబాయి కుట్టుమిషన్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడని ఆమెకి తెలుసు. ఇక ఆమె కాలు నిలవలేదు. ఫిల్మును చుట్టి బుడ్డోడు దొరికిన కళ్ళజోడు పెట్టెలోనే పెట్టి, పెట్టెనీ, బుడ్డోణ్ణీ జేబుల్లో వేసుకుని చెప్పులు తొడుక్కుంది.

"ఏంటే, బాత్‌రూమంతా ఆ పులిసిన కంపు? మళ్ళీ ఆ ఫొటోల మందునీళ్ళా?" అంది అమ్మ వంటింట్లోంచి.

"షాపులో అర్జెంటు పనుందమ్మా."

"ఆ ఎలకపిల్లలు ఆయన్ని తిన్నది చాలక నిన్ను కూడా పట్టుకున్నాయి." అమ్మకి ఆ కెమెరాలన్నీ ఎలకపిల్లలే. దేనికి మూతి ఎటో, తోక ఎటో కూడా తనకి తెలియదని నలుగురిలో గొప్పగా చెప్పుకునేది. అమ్మ మామూలుగానైతే ఎప్పుడొస్తావని కూడా అడిగేది. ఇవాళ అడగలేదు. పిచ్చుక అది గమనించే స్థితిలో లేదు.

* * *

కుట్టుమిషన్లు బాగుచేసే ఆ షాపు వెడల్పు రెండు బారలు ఉంటుందేమో. గోడకి వరసగా మిషను తలకాయలు, నేలమీద తెగిన బెల్టులు, అన్నిటి మీదా నూనె వాసన. బాబాయి ఒక మిషనుని వెల్లకిలా పడుకోబెట్టి దాని పొట్టలో చేతులు పెట్టి ఉన్నాడు.

"బాబిన్ ఇరుక్కుందా, దారం తెగుతోందా?" అన్నాడు తలెత్తకుండా.

పిచ్చుక బుడ్డోణ్ణి తీసి బల్ల మీద పెట్టింది.

బాబాయి చేతులు ఆగిపోయాయి. తలెత్తి ఆమెను చూశాడు, మళ్ళీ బుడ్డోణ్ణి చూశాడు. గుడ్డముక్కతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు.

"కూర్చో" అన్నాడు.

"కూర్చోవడానికి రాలేదండీ. ఒక్కటి చెప్పండి చాలు. దీన్ని మా నాన్నకి ఎప్పుడు తిరిగిచ్చారు మీరు?"

"మీరూ, గారూ దాకా వచ్చిందా వ్యవహారం? చిన్నప్పుడు నా వీపెక్కి, పదరా బాబాయ్ అనేదానివి."

"మాట మార్చకండి. మా నాన్న మెతక మనిషి. మీరు తెచ్చి చేతిలో పెడితే కరిగిపోయి ఉంటాడు. కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు, ఫొటోలు దిగారు, అన్నీ చూశాను. కానీ కొట్టేసినదాన్ని పదేళ్ళ తర్వాత తెచ్చిచ్చినంత మాత్రాన చేసిన పని చేయనట్టు అయిపోతుందా?" ఆమె రెండడుగుల స్థలంలోనే అటూ ఇటూ తిరుగుతోంది. తిరిగినప్పుడల్లా మోకాలికి ఏదో ఒక మిషను తగులుతోంది.

"అంతేనా? ఇంకా ఉందా?" అన్నాడు బాబాయి.

"నాకెందుకు చెప్పలేదు మీరిద్దరూ?"

"మీ నాన్న చెప్తానన్నాడు. చెప్పాల్సింది ఆయన. వచ్చే బుధవారం లోపు చెప్తానురా అనేవాడు. బుధవారం వచ్చేది, నీళ్ళు నమిలేవాడు. ఇంకో బుధవారం. ఇలా ఏడాది బుధవారాలు అయిపోయాయి, మనిషీ అయిపోయాడు."

"బుధవారం మా షాపుకి సెలవు. పార్కుకి నడకకి వెళ్ళొస్తానని..."

"నడిచేవాడు. ఇక్కడికి నడిచేవాడు."

"ఏం చెప్పాలని?"

బాబాయి లేచి, వెనక అటక మీదున్న పాత అట్టపెట్టెలు రెండు పక్కకి జరిపి, నల్లటి డబ్బా కెమెరా ఒకటి దింపాడు. ఇటుకంత బండ కెమెరా, ముందు ఒక కన్ను, పైన తోలుపట్టీ. పిచ్చుక దాన్ని గుర్తుపట్టింది. నాన్న బీరువాలో బుల్లివాటి మధ్య పెద్దన్నలా కూర్చుని ఉండేది. కిందటేడు అది కనబడక అడిగితే, ఎవరో ముచ్చటపడితే ఇచ్చేశానన్నాడు నాన్న.

"వెనక తలుపు తియ్యి" అన్నాడు బాబాయి.

తీసింది. లోపల ఫిల్ము ఉండాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీలో మడతపెట్టిన పసుపురంగు గుడ్డ. కళ్ళద్దాలు తుడుచుకోమని వాళ్ళ షాపులో ప్రతి కళ్ళజోడుతోనూ ఇచ్చే గుడ్డ.

"నీకు తెలుసుగా మీ నాన్న అలవాటు. ఊరెళ్తున్నాడంటే మంచి మంచి బుల్లివాటిని తీసి పెద్దవాటి పొట్టలో దాచేవాడు. దొంగోడు వచ్చినా ఈ బండదాన్ని ఎవడు మోసుకెళ్తాడులే అని. నేను షాపు వదిలేసి వెళ్ళిన నెలన్నరకి, దీనికి దుమ్ము దులుపుదామని తలుపు తీశాడట. బుడ్డోడు అందులో, ఈ గుడ్డలో చుట్టి ఉన్నాడు."

పిచ్చుకకి ఆ మాటలు చెవిలో పడ్డాయిగానీ లోపలికి దిగలేదు.

"నెలన్నరకి?" అంది.

"ఆ."

"మరి పదకొండేళ్ళు..."

"దాచింది పదేళ్ళు. ఆ తర్వాత ఏడాది మీ నాన్న నాతో ఉన్నాడు." బాబాయి గొంతులో కోపం లేదు, అదే ఆమెకి భరించడం కష్టంగా ఉంది. "అందరి ముందూ అనేశాడు కదా. దొరికిందని చెప్తే, అన్నమాట వెనక్కి తీసుకోవాలి. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ రెండు నెలలు గడిపాడు. రెండు నెలలు గడిచాక, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని అడుగుతారేమోనన్న భయం పట్టుకుంది. అది ఏడాదయ్యేసరికి కొండంతయింది. మింగలేడు, కక్కలేడు. కిందటేడు ఒకరోజు వానలో తడుచుకుంటూ వచ్చాడు. ఇదిగో, నువ్వు పెట్టావే, సరిగ్గా అక్కడే పెట్టాడు బుడ్డోణ్ణి. నేనేరా తమ్ముడూ అన్నాడు. అంతే. ఇంకో మాట రాలేదు ఆయనకి."

"అబద్ధం."

"సరే."

"మా నాన్న అలాంటివాడు కాదు!"

"కాదు. మంచివాడే. అదే కదా ఆయన బాధ."

పిచ్చుక ఇంకా ఏదో ఒకటి అనాలి, ఈ మనిషిని ఎక్కడో ఒకచోట పట్టుకోవాలి, లేకపోతే తను ఏమైపోతుంది?

"అలాగైతే గేటు దగ్గరే చెప్పుండొచ్చు కదా! నేను దొంగ అన్నాను. నీ మొహం మీద అన్నాను. ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది?"

"పిచ్చి మొద్దూ! మా అన్న లోపల పడుకుని ఉంటే, గేటు బయట నిలబడి, దొంగని నేను కాదే, మీ నాన్నే అబద్ధమాడాడే అని కేకలెయ్యమంటావా? ఆ రోజున? నీ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. నీకు ఆ పూట పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. నేను దొరికాను. పోనీలే అనుకుని వచ్చేశాను." బాబాయి తుడిచిన వేళ్ళనే మళ్ళీ తుడుచుకున్నాడు. "మొహం చూడనిచ్చుంటే బావుండేది. అది మాత్రం అంటాను."

ఆ మాటకి పిచ్చుక కూలబడిపోయింది. ఎక్కడ కూర్చుందో కూడా చూసుకోలేదు, తెగిన బెల్టుల కుప్ప మీద. చేతుల్లో మొహం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఎదురు షాపువాడు తొంగిచూసి, ఇదేదో ఇంటిగొడవని మళ్ళీ లోపలికి పోయాడు. తను చేసింది తప్పని, అది ఇక దిద్దుకోవడానికి లేదని, నాన్న మొహం బాబాయికి ఇంకెవరూ చూపించలేరని ఆమెకి తెలిసిపోయింది. పదకొండేళ్ళుగా రోజూ పొద్దున్నే వెళ్ళి ఎవరి చోటులో కూర్చుందో కూడా.

"నీ స్టూలు మీద కూర్చున్నాను బాబాయ్" అంది ఏడుపు మధ్యలో. "ఇన్నేళ్ళూ నీ స్టూలు మీదే."

బాబాయి ముక్కు చీదుకున్నాడు. "కూర్చుంటే కూర్చున్నావు. దాని ఎడమకాలు ఊగేది. బాగుచేయించావా?"

"లేదు. నువ్వు పెట్టిన అట్టముక్కే ఉంది."

"పదకొండేళ్ళూ ఆ అట్టముక్కే ఆపిందా? బద్ధకానికి చెయ్యీ కాలూ వస్తే నీలాగే ఉంటుంది" అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. చెయ్యి చాచి, నూనె మరకలతోనే, ఆమె నెత్తిమీద పెట్టాడు. ఆమె ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది.

* * *

టీ తెప్పించాడు. సగం తాగి, సగం వదిలేశారు. బుడ్డోడి ఫిల్ము చూస్తానన్నాడు బాబాయి. మిషను దీపం వెలిగించి, దాని మీద తెల్లకాగితం కప్పి, తన కంటి భూతద్దం తీశాడు. చేతి పని మారినా ఆ భూతద్దాన్ని మాత్రం పారేయలేదన్నమాట.

"ఇది నేను. ఇదీ నేనే. ఇది నా చెవి. మీ నాన్నకి దూరం చూసుకోవడం ఎప్పటికీ రాలేదు. గొలుసు ఉన్నది ఎందుకయ్యా అంటే వినడు." బుడ్డోడికి సన్నటి గొలుసొకటి ఉంది. దానికి నాలుగు పూసలు. కెమెరా నుంచి గొలుసు చాపి, ఏ పూస మనిషిని తాకితే ఆ అంకె పెట్టుకుంటే బొమ్మ స్పష్టంగా వస్తుంది. "ఇది నేను తీసింది. చూడు, మీ నాన్న ఎంత బాగా వచ్చాడో."

పిచ్చుక చూసింది. చిటికెనవేలి గోరంత గడిలో నాన్న. ఆ మొహంలో ఆమెకి తెలియని తేలిక ఏదో ఉంది. ఇంట్లో ఎప్పుడూ అలా లేడు. ఆ తేలికని తనకి దక్కకుండా చేసినందుకు నాన్న మీద కోపం వచ్చింది. పోయినవాడి మీద కోపం ఎలా తీర్చుకోవాలో తెలియక, లేచి తలుపు దాకా వెళ్ళి వచ్చింది.

"ఒక్కటి మాత్రం నాకు ఎప్పటికీ అర్థం కాలేదు" అన్నాడు బాబాయి, ఫిల్ము జరుపుతూ. "ఆ పసుపు గుడ్డ. మీ నాన్న బుల్లివాటిని ఏనాడూ గుడ్డలో చుట్టలేదు. నూలుపోగులు లెన్సుకి పడతాయని ప్రాణం పోయినట్టు చేసేవాడు. ఖాళీ డబ్బాలో పెట్టేవాడు గానీ గుడ్డ తగలనిచ్చేవాడు కాదు. ఇదే మాట అడిగాను. నేను పెట్టినట్టు నాకూ గుర్తులేదురా, కానీ నేను కాక ఎవరు పెడతారు, మతిమరుపు అప్పుడే మొదలైనట్టుంది అన్నాడు."

పిచ్చుక ఆగింది. పసుపు గుడ్డ బల్ల మీద ఉంది. నాలుగు మడతలు, అంచుకి అంచు సరిగ్గా కలిపి, వేళ్ళతో నొక్కి పెట్టినట్టున్నాయి. ఆ మడతలు ఆమెకి బాగా తెలిసినవిలా అనిపించాయి. ఎక్కడ చూసిందో తట్టలేదు.

"పిచ్చుకా." బాబాయి గొంతు మారింది. "కౌంటరు ఎంత చూపించింది?"

"నలభై ఒకటి."

"మీ నాన్న ఆస్పత్రిలో చేరడానికి ముందు బుధవారం ముప్పై ఆరు. నేనే చూశాను. ఇంకా పద్నాలుగు ఉన్నాయిరా, వచ్చేవారం నదికి పోదామన్నాడు."

చివరి ఐదు గళ్ళనీ ఆమె ఇంటిదగ్గర చూడలేదు. చక్రం కనబడగానే పరిగెత్తుకొచ్చింది. ఇప్పుడు ఇద్దరి తలలూ ఒకదానికొకటి తగిలేలా దీపం మీదికి వంగారు.

ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది ఖాళీ. ముప్పై తొమ్మిదిలో ఆస్పత్రి మంచం. నాన్న పడుకుని ఉన్నాడు. రెండు చేతులూ దుప్పటి మీద కనిపిస్తున్నాయి. బొమ్మకి అడ్డంగా, మసగ్గా ఒక గీత.

"గొలుసు లెన్సుకి అడ్డం పడింది" అన్నాడు బాబాయి. "ఇది మొదటిసారి పట్టుకున్నవాళ్ళు చేసే పని. మీ నాన్న తీయలేదు, చేతులు అక్కడే ఉన్నాయి. నేను ఆ ఆస్పత్రి గడప తొక్కలేదు. నువ్వు తీశావా?"

"నాకు బుడ్డోడు ఉన్నట్టే తెలియదు."

నలభైలో పిచ్చుకే ఉంది. మంచం పక్కన కుర్చీలో, మెడ వాలిపోయి, నోరు తెరుచుకుని, మధ్యాహ్నపు నిద్ర. వెనక కిటికీలో ఎండ. తనని ఎవరో అంత దగ్గర నుంచి, అంత నిదానంగా చూశారన్న ఊహకి ఆమె ఒళ్ళు జలదరించింది. గొలుసు ఈసారి ఒక మూలకి తప్పుకుంది. తీసినవాళ్ళెవరో నేర్చుకుంటున్నారు.

"గదిలోకి ఎవరెవరు వచ్చేవాళ్ళు?"

"నర్సు. డాక్టరు. నేను." ఆ తర్వాత రావాల్సిన మాట పిచ్చుక నాలుక చివరికి వచ్చి ఆగింది. ఆమె దాన్ని బయటికి రానివ్వలేదు.

నలభై ఒకటో గడిలో మనిషి లేడు. కాగితం. నిండా రాసి ఉన్న కాగితాన్ని బల్ల మీద పరిచి, గొలుసు కొలతకి సరిగ్గా, నిటారుగా పై నుంచి తీశారు. అడ్డం పడ్డది ఏదీ లేదు. ఈ కెమెరాలు మనుషుల ఫొటోల కంటే కాగితాలకే ఎక్కువ పనికొస్తాయని నాన్న అనేవాడు. పేజీ పేజీని చిటికెనవేలి గోరంత చేసి దాచేయొచ్చు.

వరసలు లెక్కపెట్టొచ్చు, ఇరవై పైనే. అక్షరాలు మాత్రం చీమల బారులా ఉన్నాయి. పెద్దది చేసి ప్రింటు వేస్తేగానీ చదవలేరు. బాబాయి ఒక భూతద్దం మీద ఇంకో భూతద్దం పెట్టి, ఊపిరి బిగబట్టి, పైనున్న మొదటి ముక్క ఒక్కటీ పట్టుకున్నాడు. అది మిగతావాటికంటే కాస్త పెద్దగా రాసి ఉంది.

"పిచ్చుకకి" అని చదివాడు.

ఆమె భూతద్దం లాక్కుంది. నల్లటి గడిలో తెల్లటి అక్షరాలు. గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా, జాగ్రత్తగా రాసిన అక్షరాలు. నాన్న చేతిరాత కాదు. నాన్నది కోడి కెలికినట్టుంటుంది.

"ఎవరి రాతో నీకు తెలుస్తోందా?" అని అడిగింది. బాబాయి పసుపు గుడ్డ మడతల మీద బొటనవేలితో ఒకసారి నిమిరి, కిటికీ వైపు తిరిగిపోయాడు. ఏం చేయాలో తోచక పక్కనున్న మిషను చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. సూది టకటకా కదులుతోంది.

అప్పుడే పిచ్చుక ఫోను మోగింది. అమ్మ.

"షాపులో ఉన్నానమ్మా, కళ్ళజోడు ఒకటి..." అని మొదలుపెట్టింది.

"మీ బాబాయి దగ్గరున్నావు. మిషను చప్పుడు వినబడుతోందిలే." అమ్మ గొంతు ఎప్పటిలాగే ఉంది, ఉప్పు తెమ్మని చెప్పేటప్పుడు ఎలా ఉంటుందో అలా. "మిగతావి ఎలా వచ్చాయో నాకక్కర్లేదే. ఆ నలభై ఒకటోది చదవడానికి వీలుగా వచ్చిందా?"